బుడమేరు నీళ్ళు పోయినా గోడల్లో చెమ్మ పోవట్లేదు, దసరాలోపు రంగులు వేయించొచ్చా?

పాయకాపురం అమ్మాయి:

అందరికీ నమస్తే అండీ. మా అమ్మా నాన్నలది విజయవాడ పాయకాపురంలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, నేను ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో ఉంటాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకొచ్చేశాయి, చూస్తుండగానే స్విచ్‌బోర్డులు మునిగిపోయాయి, అమ్మా నాన్నా పై వాటా వాళ్ళింట్లో తలదాచుకుంటే తర్వాత బోటులో బయటికొచ్చారు. వారం దాటినా నీళ్ళు పూర్తిగా దిగలేదు. దిగాక ఫైరింజన్ వచ్చి పైపుతో కొట్టి బురదంతా కడిగారు, ఆ సిబ్బందికి ఎంత చెప్పినా తక్కువే, రాత్రీ పగలూ లేకుండా వీధివీధీ తిరిగారు.

ఇల్లు కడగడం అయింది కానీ ఇప్పుడు అసలు బాధ మొదలైంది. గోడల మీద ఛాతీ ఎత్తులో బురద గీత అలాగే ఉంది, ఆ గీత కింద పెయింట్ బుడగలు బుడగలుగా లేచి చేత్తో తాకితే పొరలుగా ఊడొస్తోంది. బీరువా జరిపి చూస్తే వెనకాల గోడంతా నల్లటి చుక్కలు, మధ్యలో ఆకుపచ్చగా నూగు లాంటిది. ఇల్లంతా ఒకటే ముక్క వాసన, ఫినాయిల్ ఎంత పోసినా గంటలో మళ్ళీ వచ్చేస్తోంది. అమ్మకి ముందే ఆయాసం ఉంది, ఇంటికి తిరిగొచ్చాక రోజూ నెబులైజర్ పెట్టాల్సొస్తోంది.

నాన్న మాత్రం దసరాకి ఇల్లు ఇల్లులా ఉండాలి, అమ్మవారి పండగ పూట బురద గీతలు చూస్తూ కూర్చోలేనంటున్నారు. ఆయన బాధ నాకర్థమైంది, ముప్పై ఏళ్ళు కష్టపడి కట్టుకున్న ఇల్లు. పెయింటర్ వచ్చి చూసి, ఎమరీ పేపర్ కొట్టి డ్యాంప్ ప్రూఫ్ ఒక కోటు, పైన పుట్టీ రెండు కోట్లు, ఆ పైన ఎమల్షన్, నాలుగు రోజుల్లో అప్పజెప్తానన్నాడు. గవర్నమెంట్ ఇచ్చిన 25 వేలు అకౌంట్లో పడ్డాయి, నాన్న అది అడ్వాన్స్ ఇచ్చేస్తానంటున్నారు. ఇచ్చేయొచ్చా? వంటింట్లో చెక్క అల్మరాలు ఉబ్బిపోయాయి, తలుపులు పడట్లేదు, బీరువాలో కాయితాలన్నీ ముద్దయ్యాయి. ఏది ముందు చేయాలో ఏది తర్వాతో తెలీట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గుణదల సైట్ ఇంజనీర్:

అమ్మా, అడ్వాన్స్ ఇవ్వకుండా ఆపండి ముందు. రంగుల మాట సంక్రాంతి దాటాక చూసుకుందాం, పండక్కి వెల్ల వేయించండి చాలు. ఎందుకో వివరంగా చెప్తాను, నాన్నగారికి చదివి వినిపించండి.

బయటి గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ అనుకుంటాను. అది వారం పైన నీళ్ళలో నానింది. ఇటుకా సిమెంటు మాలూ రెండూ నీళ్ళు పీల్చేవే, పైన తుడిస్తే పొడిగా కనబడుతుంది కానీ నీరంతా లోపలే ఉంది. మా పనిలో ఒక లెక్క ఉంది, గోడ మందం అంగుళానికి సుమారు నెల పడుతుంది ఆరడానికి అని. రెండు వైపులా గాలి తగిలితే అందులో సగం. అంటే తొమ్మిదంగుళాల గోడకి నాలుగైదు నెలలు, లోపలి నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడలకి రెండు మూడు నెలలు. ఎండ, గాలి బట్టి అటూ ఇటూ అవుద్ది. ఒక వైపు టైల్సో ఆయిల్ పెయింటో ఉంటే ఇంకా లేటు, ఎందుకంటే నీరు బయటికి పోడానికి ఒకటే దారి మిగుల్తుంది.

ఇప్పుడు పెయింటర్ చెప్పింది చేశారనుకోండి, డ్యాంప్ ప్రూఫ్ అనేది బయటి నుంచి లోపలికి వచ్చే నీటిని ఆపడానికి చేసిన మందు, మన నీళ్ళు ఆల్రెడీ గోడ లోపలున్నాయి, దాని మీద ఆ పొర వేస్తే లోపలి తడికి మూత పెట్టినట్టే. ఆ తడి ఆరేటప్పుడు ఇటుకలో ఉన్న ఉప్పూ మురుగునీటితో పాటు వచ్చిన ఉప్పూ మోసుకుని పైకొస్తుంది, పెయింట్ వెనకాల గడ్డకట్టి పొరని తోసేస్తుంది. మీరు చూసే ఆ బుడగలు మొదలవుతున్నదే అలా. నాలుగు రోజుల్లో అందంగా ఉంటుంది, నాలుగు నెలల్లో పుట్టీతో సహా రేకుల్లా ఊడుతుంది, మళ్ళీ గీకి మళ్ళీ వేయాలి. ఆ 25 వేలూ గోడకి పోసినట్టే.

చేయాల్సింది ఏంటంటే, బురద గీత ఎక్కడుందో దానికి ఇంకో అడుగు పైదాకా (నీరు గోడలో పైకి పాకుతుంది కాబట్టి) పాత పెయింటూ పుట్టీ మొత్తం గీకించేయండి. నేల వరకూ సిమెంటు కనబడాలి. ఫంగస్ ఉన్న చోట పొడిగా గీకనివ్వొద్దు, ముందు తడపాలి. గీకాక రూపాయి బిళ్ళతో గానీ సుత్తి పిడితో గానీ ప్లాస్టరింగ్ మీద తడుతూ పోండి, గట్టిగా ఠంగుమంటే బానే ఉన్నట్టు, డొల్ల మోత వస్తే అక్కడ ప్లాస్టరింగ్ ఇటుకని వదిలేసింది, అంతవరకే కొట్టించి ఇటుక బయటపెట్టి వదిలేయండి, కొత్త ప్లాస్టరింగ్ కూడా ఇప్పుడొద్దు. తెల్లగా ఉప్పు పొంగుతుంది, భయపడకండి, అది బయటికి రావడమే మనకి కావాలి. పొడి బ్రష్‌తో దులిపి చీపురుతో ఎత్తిపారేయండి, నీళ్ళు పోసి కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

ఇక పండగ సంగతి. గీకిన సిమెంటు గోడ మీద సున్నం వెల్ల వేస్తే గోడ గాలి పీల్చుకోడానికి అడ్డం రాదు, చెమ్మ దాన్ని దాటుకుని బయటికి పోతూనే ఉంటుంది, పైగా సున్నానికి ఉన్న ఘాటుకి ఫంగస్ తొందరగా పట్టదు. రాతిసున్నం ముందురోజు రాత్రి నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త బంకా చిటికెడు నీలిమందూ కలిపి పల్చగా రెండు మూడు పూతలు. డిస్టెంపర్ తెచ్చి అదే ఇదంటే ఒప్పుకోకండి. పాత ఎమల్షన్ మీద సున్నం నిలవదు, గీకిన చోటే వేయాలి. కళ్ళల్లో పడకుండా అద్దాలు పెట్టుకోమనండి. ఇల్లు తెల్లగా ఉంటుంది, నాన్నగారి మనసూ కుదుటపడుతుంది, ఖర్చు రంగుల్లో పదో వంతు కూడా అవ్వదు.

పార్టిషన్ గోడలు ముందు ఆరతాయి, బయటివి తర్వాత. ఆరిందో లేదో కళ్ళతో చెప్పలేం. అడుగున్నర చదరం పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని గోడకి నేల దగ్గర్లో నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అతికించండి. రాత్రి పెట్టి మర్నాడు చూడండి. లోపలివైపు చెమ్మ బొట్లు కట్టినా, ఆ ముక్క కింద గోడ రంగు ముదిరినా ఇంకా ఆరలేదన్నట్టే. ప్రతి గదిలో చూడాలి. మూడు నాలుగు చోట్ల ఏమీ పట్టని రోజు పెయింటర్‌ని పిలవండి.

అజిత్‌సింగ్ నగర్ కరెంటు పని:

ఇంజనీర్ గారు గోడల గురించి చెప్పారు, నేను కరెంటు చెప్తా. అక్కా మీ ఇంట్లో బోర్డులు మునిగాయి అన్నారు కదా, మరి ఇప్పుడు ఫ్యాన్లు లైట్లు వాడుతున్నారా? వాడుతుంటే ఈ మెసేజ్ చూడగానే ఫోన్ చేసి మెయిన్ ఆపించండి.

మనవైపు అన్నీ గోడలో పైపు వేసిన వైరింగే. ఆ పైపుల్లో వంపు ఉన్న చోటల్లా నీళ్ళు నిలబడి ఉంటాయి, ఎన్ని రోజులైనా ఎక్కడికీ పోవు. బోర్డు విప్పి చూస్తే బురద ఎండి స్విచ్చి వెనక టెర్మినళ్ళ మధ్య అట్ట కట్టి ఉంటది, అందులోంచే కరెంటు లీకయ్యి తడి గోడకి షాక్ వస్తది. ఈ నెలంతా నేను విప్పిన ఇళ్ళల్లో దాదాపు అన్నీ ఇంతే. మునిగిన స్విచ్చిలు, సాకెట్లు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చిలు), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసేది) ఇవి కడిగి ఆరబెట్టి వాడేవి కావు, మార్చాల్సిందే, అందులో బేరం పెట్టుకోకండి. వైరు మాత్రం చాలావరకు పనికొస్తది, రాగి పచ్చబడిన చివర్లు కత్తిరించి, బ్లోయర్‌తో పైపుల్లో నీళ్ళు ఊదేసి, తర్వాత మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి చూడాలి. 500 వోల్టుల మీద కనీసం ఒక మెగాఓమ్ చూపించాలి, తక్కువొస్తే ఆ సర్క్యూట్ వైరు లాగేసి కొత్తది వేయాలి. మెగ్గర్ లేని ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి బల్బు వెలిగించి ఓకే అన్నాడంటే నమ్మొద్దు, బల్బు వెలగడం వేరు వైరు బాగుండడం వేరు. ఎర్తింగ్ కూడా చూపించండి, గుంట నిండా బురద చేరి ఉంటది.

మరి గోడలు ఆరాలంటే ఫ్యాన్లు కావాలి కదా అంటారు. పై వాటా మీటర్ నుంచి 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి లాగి దాని మీద టేబుల్ ఫ్యాన్లు నడపండి, నేల మీద వైరు ఈడ్వకుండా పైనుంచి కట్టండి, చెప్పులు లేకుండా ఎవరూ ముట్టుకోవద్దు.

ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను ఆన్ చేసి చూద్దాం అనుకోవద్దు. ఆన్ చేయకుండా ఉంటే వాషింగ్ మెషీను మోటారు విప్పి కడిగి ఆరబెడితే బతికే ఛాన్స్ ఉంది, తడి మీద ఆన్ చేస్తే వైండింగ్ కాలిపోద్ది, అప్పుడిక డబ్బులు డబుల్. ఫ్రిజ్జు తలుపుల్లో గోడల్లో ఉండే ఫోమ్ మురుగు నీళ్ళు పీల్చి ఉంటే మాత్రం కంప్రెసర్ బాగున్నా వాసన పోదు, దాని మీద ఖర్చు పెట్టకపోవడమే నయం.

గ్యాస్ రెగ్యులేటరూ, ట్యూబూ నీళ్ళలో మునిగి ఉంటే మార్పించండి, సిలిండర్ ఏజెన్సీ వాళ్ళకి చూపించాకే వాడండి. లీకేజీ వాసన వస్తే 1906కి కొట్టండి.

ఖమ్మం మున్నేరు గట్టు:

అక్కా మాది ఖమ్మం, మాకు కూడా అదే రోజు మున్నేరు ఇంట్లకొచ్చింది. సామాన్ల సంగతి నేను చెప్త, ఇప్పుడిప్పుడే అవన్నీ తేల్చుకున్నం.

వంటింటి అల్మరాలు పార్టికల్ బోర్డువో ఎండీఎఫ్‌వో అయితే ఆశ పెట్టుకోకండి. అవి చెక్కపొట్టు బంకతో అదిమి చేసినవి, ఒకసారి ఉబ్బితే మళ్ళ దగ్గరికి రావు, లోపల ఫంగస్ పెరుగుతది, ఆ ముక్క వాసనలో సగం అవి కూడ అయ్యుంటది. విప్పి బయట పడేయండి, వెనకాల గోడకి గాలన్న తగుల్తది. మెరైన్ ప్లై అయితే విప్పి కడిగి నీడకి ఆరబెడితే నిలబడొచ్చు. సన్‌మైకా లేచిన చోట లోపల చూడండి, పొరలు విడిపోయినయంటే అది కూడ అంతే.

తలుపులు పడ్తలేవని కార్పెంటర్‌ని పిలిచి చిత్రిక పట్టించకండి. మా పక్కింటాయన తొందరపడి అన్ని తలుపులకీ పట్టించిండు, చెక్క ఆరుతున్నకొద్దీ లోపలికి గుంజుకుపోయి ఇప్పుడు తలుపుకీ గుమ్మానికీ మధ్య వేలు పడుతున్నది. టేకు తలుపులైతే బందులు విప్పి, కింద ఇటుకలు పెట్టి పడుకోబెట్టి నీడలనే ఆరబెట్టండి, ఎండల నిలబెడితే వంకర పోతయి, చీలుతయి. పూర్తిగ ఆరినంక తొంభై శాతం మంచిగనే కూర్చుంటయి, కూర్చోనివి అప్పుడు చూస్కోవచ్చు.

పరుపులు, దిండ్లు, బొంతలు, సోఫా, ఇవన్నీ పోయినట్టే అనుకోండి. మురుగు కలిసిన నీళ్ళు అవి, ఎండేసినా లోపలి దూదీ ఫోమూ శుభ్రం కాదు. అమ్మ పెళ్ళినాటి బూరుగు దూది పరుపు ఉంటే మా ఇంట్ల కూడ పెద్ద గొడవైంది, అమ్మ ఏడ్చింది, కానీ పడేసినం. బట్టలు మాత్రం వేడినీళ్ళు సర్ఫుతోటి రెండు మూడు సార్లు ఉతికితే బాగయితయి. స్టీలు, ఇత్తడి, గాజు సామాన్లు సబ్బుతో కడిగి మరిగే నీళ్ళల్ల ముంచితే ఏ ఫికరూ లేదు. చెక్క గరిటెలు, ప్లాస్టిక్ డబ్బాలు, పాల సీసాలు లాంటివి ఉంచుకోవద్దు. బియ్యం, పప్పులు నీళ్ళు తగిలినవి మూట విప్పకుండనే బయటికి.

కాయితాలు. ముద్దయినవి ఒక్కొక్కటీ లాగి విడదీయకండి, చినుగుతయి, ఇంకు లేచొస్తది. పైన వాటాల వాళ్ళ డీప్ ఫ్రిజ్‌ల చోటు ఉంటే ముద్దని అట్లనే కవర్ల పెట్టి పెట్టేయండి, ఫంగస్ పట్టకుండ ఆగుతది, టైం ఉన్నప్పుడు కొంచెం కొంచెం తీసి, మధ్యల తెల్ల కాయితాలు పెట్టుకుంట ఫ్యాన్ గాలికి ఆరబెట్టొచ్చు. న్యూస్ పేపర్ పెట్టొద్దు, దాని ఇంకు అంటుకుంటది. లామినేషన్ చేసిన సర్టిఫికెట్లు లోపలికి నీళ్ళు పోతే అంచు కత్తిరించి తీయాలె, లేదంటే లోపల్నే కుళ్ళిపోతయి. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుంటే చల్లటి మంచినీళ్ళల్ల నానబెడితే వాటంతటవే విడిపోతయి, బొమ్మ వైపు చెయ్యి తగలనీయకుండ పరిచి ఆరబెట్టుకోండి. ఇంటి దస్తావేజు పోతే రిజిస్ట్రార్ ఆఫీసుల నకలు దొరుకుతది, డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం గుర్తుంటే చాలు. ఆధార్‌లాంటివి డిజిలాకర్‌ల ఉంటయి, వాటికోసం గాబరా పడకుండ్రి.

తెనాలి స్టాఫ్ నర్స్:

అందరూ మంచి విషయాలు చెప్పారు, కానీ నాకు ఈ పోస్టులో అన్నింటికంటే భయం వేసింది అమ్మగారి ఆయాసం గురించి. పాపా, అమ్మని ముందు ఆ ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళు. హైదరాబాద్ మీ ఇంటికైనా సరే, పై వాటాలో ఒక గదైనా సరే. గోడలు గీకేటప్పుడు, అల్మరాలు విప్పేటప్పుడు ఫంగస్ పొడి లక్షలుగా గాల్లోకి లేస్తుంది, మామూలు మనిషికే దగ్గొస్తుంది, ఆయాసం ఉన్నవాళ్ళకి ఎటాక్ వస్తే ఆసుపత్రికి చేరేలోపు కష్టం. నెబులైజర్ రోజూ పెట్టాల్సొస్తోందంటే మీ డాక్టర్ గారికి ఈ సంగతి చెప్పి మందులు చూపించుకోవాలి, ఇంట్లో డోసు పెంచుకుంటూ పోవద్దు.

నాన్నగారూ పనివాళ్ళూ ఎన్95 మాస్కు, గ్లవ్స్, కళ్ళకి అద్దాలు, కాళ్ళకి గమ్‌బూట్లు వేసుకోవాలి. గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు ఇక్కడ. ఫంగస్ నలుపా ఆకుపచ్చా అని రంగు చూసి మంచిదీ చెడ్డదీ అనుకోకండి, ఏ రంగుదైనా తీసేయాల్సిందే. ముందు సబ్బు నీళ్ళు చిలకరించి తడిపి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి ఆ గుడ్డలు కవర్లో కట్టి పారేయాలి. ఆ తర్వాతే బ్లీచింగ్. చాలామంది బురద మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేసి అయిపోయిందనుకుంటున్నారు, మురికి ఉన్నచోట బ్లీచింగ్ పని చేయదు, దాని బలమంతా ఆ మురికికే సరిపోతుంది. కొత్త ప్యాకెట్ పౌడర్ అయితే పది లీటర్ల బకెట్‌కి 30 గ్రాములు, అంటే రెండు మూడు పెద్ద స్పూన్లు, కలిపి తేరనిచ్చి పైనున్న తేట నీళ్ళతో గచ్చు, టైల్స్, బాత్రూములు తుడవండి, ఓ పావుగంట తడిగా ఉంచి కడిగేయండి. మూత తీసి పెట్టిన పాత పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది. కిటికీలన్నీ తెరిచి చేయాలి.

ఇది మాత్రం ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పు, బ్లీచింగ్‌ని యాసిడ్‌తో గానీ బాత్రూమ్ కడిగే హార్పిక్ లాంటి వాటితో గానీ అమోనియా ఉన్న క్లీనర్లతో గానీ ఎప్పుడూ కలపకూడదు. ఒకటి కడిగి పూర్తిగా నీళ్ళు పోశాకే ఇంకోటి. కలిస్తే వచ్చే విషవాయువు ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది, మూసి ఉన్న బాత్రూంలో అయితే మనిషి పడిపోతాడు.

నాన్నగారి కాళ్ళకి ఏమైనా గాయాలు, వేళ్ళ సందుల్లో ఒరుపులు ఉన్నాయా చూడు. గాయాలుంటే, ధనుర్వాతం టీకా ఈమధ్య వేయించుకోకపోతే, అది వేయించాలి. ఒకవేళ జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్ళు ఎర్రబడటం ఉంటే మామూలు జ్వరమని పారాసిటమాల్‌తో ఊరుకోకుండా, వరద నీళ్ళల్లో తిరిగామని చెప్పి డాక్టర్‌కి చూపించాలి, అది ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు, తొందరగా పట్టుకుంటే మందులతో పోతుంది.

న్యూ ఆర్‌ఆర్‌పేట:

అందరూ అంత భయపెట్టక్కర్లేదు అనుకుంటా. మాకూ నడుం లోతు నీళ్ళొచ్చాయి, హాలొజన్ లైట్లు నాలుగు పెట్టి గోడలు ఆరబెట్టేసి డ్యాంప్ ప్రూఫ్ వేయించేశాం, ఇప్పుడు చక్కగా ఉంది. పండక్కి చుట్టాలు వస్తారు కదండీ, సున్నం కొట్టిన గోడలతో ఎలా.

గుణదల సైట్ ఇంజనీర్:

మీ ఇల్లు బాగుండాలనే కోరుకుంటున్నానండీ, కానీ హాలొజన్ వేడికి ఆరేది పైన పావంగుళం మాత్రమే. పైపొర గబగబా ఎండి సన్న పగుళ్ళు వస్తాయి, లోపలి ఇటుక తడి తడిగానే ఉంటుంది. మీరు కూడా నేల దగ్గర, స్కర్టింగ్ పైన అరచెయ్యంత మేర గమనిస్తూ ఉండండి. అక్కడ పెయింట్ మెత్తబడినట్టో పొడిగా రాలినట్టో అనిపిస్తే మిగతా గోడంతా పాడయ్యేలోపే అక్కడివరకు గీకించి గాలి తగలనివ్వండి.

ఆరబెట్టడానికి వేడి కంటే గాలి కదలిక ముఖ్యం. ఒక కిటికీలో ఫ్యాన్ బయటికి తిప్పి పెట్టి ఎదురు కిటికీ తెరిస్తే తడి గాలి బయటికి పోయి కొత్త గాలి వస్తుంది. మధ్యాహ్నం పొడిగా ఉన్నప్పుడు అన్నీ తెరవండి, వాన పడుతున్నప్పుడూ తెల్లవారుజామునా మూసేయండి, ఆ టైంలో బయటి గాలిలోనే తేమ ఎక్కువ. అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలు ఎలాగూ ఉంటాయి కాబట్టి పొడి రోజు ఒక్కటి కూడా వదులుకోవద్దు. ఏసీ బయటి యూనిట్ మునగకుండా ఉండి, కరెంటు తమ్ముడు వైరింగ్ ఓకే అన్నాక, ఫంగస్ మొత్తం తీసేశాక, తలుపులు మూసి డ్రై మోడ్‌లో పెడితే బాగా లాగుతుంది. ఫంగస్ తీయకముందు మాత్రం ఏసీ పెట్టొద్దు, ఆ పొడి యూనిట్ లోపలికి పోయి ఇల్లంతా చల్లుతుంది. బీరువాలు, మంచాలు ఏవీ గోడకి ఆనకూడదు, అడుగు దూరం ఉండాలి.

బ్యాంకు ఉద్యోగి, గవర్నర్‌పేట:

డబ్బుల సంగతి ఎవరూ అనలేదు కాబట్టి నేను చెప్తాను. ఇంటి మీద లోన్ ఏమైనా ఉందా? ఉంటే లోన్ ఇచ్చేటప్పుడు ఇంటికి ఇన్సూరెన్స్ కట్టించుకుని ఉండొచ్చు, చాలామందికి అది ఉన్నట్టే తెలీదు. బ్రాంచికి వెళ్ళి అడిగి పాలసీ కాపీ తీసుకోండి. భారత్ గృహ రక్ష అనే పాలసీ 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇస్తున్నాయి, అందులో వరద నష్టం ఉంటుంది, బిల్డింగ్‌కి తీసుకుంటే సామాన్లకి కూడా బిల్డింగ్ మొత్తంలో 20 శాతం దాకా, పది లక్షలు మించకుండా, వేరే లిస్టు ఇవ్వకుండానే వర్తిస్తుంది. ఆలస్యమైందని మానుకోవద్దు, ఈరోజే తెలియజేయండి.

అల్మరాలు, పరుపులు పడేసేముందు ఒక్కొక్కటీ ఫోటో తీయండి, గోడ మీద బురద గీత టేపు పెట్టి కొలిచి ఫోటో తీయండి, గీకించేముందే. ఫ్రిజ్జు, టీవీల సీరియల్ నంబరు స్టిక్కర్లు కూడా. బిల్లులు తడిసినా పారేయకండి. మీకు గ్రౌండ్ ఫ్లోర్ 25 వేలు పడింది కదా, పైన వాటా వాళ్ళకి 10 వేలు రావాలి, పడకపోతే వార్డు సచివాలయంలో లిస్టు చూసుకోమనండి. మునిగిన టూవీలర్‌కి 3 వేలు వేరే ఉంది.

పాయకాపురం అమ్మాయి:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. మెయిన్ ఆపించేశాను, అప్పటిదాకా హాల్లో ఒక ఫ్యానూ లైటూ వాడుతున్నారట. అమ్మ రేపు పినాకిని రైల్లో మా పిన్ని దగ్గరికి నెల్లూరు వెళ్తోంది. నాన్నకి ఇంజనీర్ గారి మెసేజ్ మొత్తం ఫోన్లో చదివాను, మొదట ఒప్పుకోలేదు, సున్నం కొట్టడం అంటే పాత రోజుల్లోకి వెళ్ళడమా అన్నారు, తర్వాత ఆయనే పార్టిషన్ గోడకి ప్లాస్టిక్ కవరు అతికించారు. పొద్దున లేచి చూస్తే లోపల వాన పడ్డట్టు బొట్లు. ఇంక వెల్లకే ఫిక్సయ్యారు, సున్నం ఎక్కడ మంచిది దొరుకుద్దో ఆయనే కనుక్కుంటున్నారు.

ఇంకో రెండు ఉన్నాయి, ఏమనుకోకండి. సంపులోకి కూడా ఆ నీళ్ళే వెళ్ళాయి, రెండుసార్లు తోడించాం, ఇప్పుడు మున్సిపల్ నీళ్ళు పట్టుకుంటే వాడుకోవచ్చా? బాత్రూంలో నీళ్ళు చాలా మెల్లగా పోతున్నాయి, ఒక్కోసారి కమోడ్‌లోంచి గుడగుడ శబ్దం వస్తోంది. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించాలా?

గుణదల సైట్ ఇంజనీర్:

సంపు తోడితే సరిపోదమ్మా. అడుగున ఒండ్రు ఉంటుంది, గోడలకి జిగట ఉంటుంది. మనిషిని దించేముందు మూత తీసి బాగా గాలి ఆడనివ్వండి, దించేటప్పుడు నడుముకి తాడు కట్టి పైన ఒకరు పట్టుకుని ఉండాలి, ఒక్కడినే దించొద్దు. ఒండ్రు ఎత్తించి, గోడలు బ్రష్‌తో రుద్ది కడిగి, ఆ నీళ్ళు తోడేయించండి. ఆ తర్వాత మంచినీళ్ళు నింపి వెయ్యి లీటర్లకి 150 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడర్ ముందుగా బకెట్లో కలిపి, తేట మాత్రం సంపులో పోసి, మోటార్ బాగయ్యాక అదే నీటిని పై ట్యాంకుకి ఎక్కించి, ప్రతి కుళాయీ ఘాటు వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. రాత్రంతా ఉంచి మర్నాడు మొత్తం వదిలేయండి, ఆ నీళ్ళు తాగడానికీ వంటకీ కాదు, మొక్కలకి కూడా పోయొద్దు. తర్వాత పట్టే కొత్త నీళ్ళు వాడుకోండి, తాగడానికి మాత్రం ఇంకొన్నాళ్ళు మరిగించో క్యానో వాడండి. సంపు మూత దగ్గర, పైపు దూరే కంతల దగ్గర పగుళ్ళుంటే సిమెంటు పెట్టించండి, డ్రైనేజీ నీళ్ళు దూరే దారి అదే.

సెప్టిక్ ట్యాంకు లారీని ఇప్పుడే పిలవకండి. మీవైపు భూమిలో ఇంకా నీరు పైపైనే ఉంది. అలాంటప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి ట్యాంకు గోడలు లోపలికి పగలొచ్చు, రెడీమేడ్ ట్యాంకైతే పైకే లేచిపోతుంది. మీ వీధిలో ఎవరిదైనా బోరు గానీ బావి గానీ ఉంటే నీటిమట్టం మామూలుకి వచ్చిందో లేదో కనుక్కుని అప్పుడు పిలవండి. గుడగుడమంటోందంటే గాలి పైపు మూసుకుపోయి ఉండొచ్చు, ఛాంబర్లలో బురద కూడా పేరుకుని ఉంటుంది. ముందు బయటున్న ఛాంబర్ మూతలు తీయించి బురద ఎత్తించండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. అప్పటిదాకా వాడకం తగ్గించి బట్టలుతికిన నీళ్ళు బయటికి వదలండి. ట్యాంకు పని చేయించే రోజు బాత్రూమ్ లైను బయటికెళ్ళే చోట నాన్-రిటర్న్ వాల్వ్ ఒకటి వేయమని ప్లంబర్‌కి చెప్పండి, ఈసారి వీధిలో నీళ్ళు నిలబడ్డా కమోడ్‌లోంచి ఇంట్లోకి తన్నవు. వాల్వ్ మీద పలక తీయడానికి వీలుగా చిన్న ఛాంబర్ కట్టించండి, ఏడాదికోసారి విప్పి కడక్కపోతే అది పట్టేస్తుంది.